మొటిమ తీయవచ్చు, పుట్టుమచ్చ తీయరాదు

మన సముద్రతీరపు పల్లెలలో ఏ ఇంట అడుగుపెట్టినా గోడమీద రెండు రకముల ఫోటోలు కనిపిస్తాయి. ఒకటి పెళ్ళినాటిది, మరొకటి పోయినవారిది. ఈ రెంటి నడుమ గడచిన ముప్పది నలువది ఏండ్ల జీవితమునకు ఫోటో ఉండదు. నేడు ప్రతి యౌవనస్థుని జేబులో సెల్‌ఫోను, అందులో కెమెరా ఉన్నవి గనుక ఫోటో తీయుట అందరికీ వచ్చిన విద్యే అనుకుంటున్నాము. అయినా ఇంటి పెద్ద మరణించిన రోజున సమాధి కూడికలో పెట్టుటకు ఒక్క మంచి ఫోటో దొరకక, ఓటరు కార్డు పట్టుకొని పట్టణమునకు పరుగెత్తే కుటుంబములను మేము ఏటేటా చూస్తున్నాము. ఫోనులో రెండు వేల బొమ్మలుంటాయి. తాత ముఖము తిన్నగా కనబడేది ఒక్కటీ ఉండదు.

అందుచేత ఈ నెల ఫోటో పనిని గూర్చి, దానిని అనుభవముగల పనివాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుటను గూర్చి వ్రాయవలెనని తలచాము. మా సంఘములోని ఒక పట్టపుపాలెము అబ్బాయి ఇంటరు చదివాడు. తండ్రితో కలిసి వేటకు వెళ్ళుటకు మనస్సొప్పక కెమెరా పని నేర్చుకుంటానన్నాడు. కావలిలో పాత స్టూడియో నడిపే పెద్దాయన ఒకరు మాకు పరిచయము. ఆయన దగ్గర వానిని చేర్చి ఇప్పటికి రెండేండ్లు దాటింది. కావలిలో పని పడినప్పుడెల్ల ఆ స్టూడియో బల్లమీద కూర్చుండి, ఆ గురువును శిష్యుని గమనిస్తూ వచ్చాము. పెద్దాయన పేరు వ్రాయుటకు ఒప్పుకోలేదు. "నా పేరెందుకయ్యగారూ, పని గురించి రాయండి, అంతే" అన్నారు.

ఆయన పని నేర్చినది 1970లలో, నెల్లూరులో ఒక స్టూడియోలో. మొదటి సంవత్సరము కెమెరాను ముట్టుకోనియ్యలేదట. ఊడ్చుట, మందు కలుపుట, ప్రింట్లు కడుగుట, ఇంతే. ఆ మందులేమిటని అడిగితే ఈనాటికీ తడుముకోకుండా చెప్తారు. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిపిన డెవలపరులో కాగితము వేస్తే బొమ్మ తేలుతుంది. తేలిన బొమ్మను హైపోలో వేస్తే నిలుస్తుంది. ఆ తరువాత పారే నీళ్ళలో చాలాసేపు కడగాలి, లేకపోతే కాగితములో మిగిలిన హైపో కొన్నేండ్లకు బొమ్మను పసుపుపచ్చగా మార్చేస్తుంది. మీ ఇంట పాత నలుపు తెలుపు ఫోటో ఏదైనా మచ్చలు మచ్చలుగా పచ్చబడి ఉంటే, ఆనాడు ఏదో స్టూడియోలో ఒక కుర్రవాడు నీళ్ళు పొదుపు చేసి ఉండవచ్చును. వేసవిలో నెల్లూరు నీళ్ళ సంగతి తెలిసినవారు వానిని తప్పుపట్టరు.

రెండవ సంవత్సరము టచింగు. ఇది నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెము వివరిస్తాము. నెగటివులో అంతా తలక్రిందులు: తెల్లచీర నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనిపిస్తుంది. ముఖములోని ముడుత నెగటివుమీద పలుచని గీతగా ఉంటుంది. దానిమీద సూదిమొనవలె చెక్కిన పెన్సిలుతో సన్నగా నలుపు నింపితే, ప్రింటు వేసేటప్పుడు ఆ చోట వెలుతురు తక్కువ దిగి ముడుత తేలికపడుతుంది. పోస్టేజి స్టాంపంత ముఖముమీద, అద్దము వెనుక దీపము పెట్టుకొని, ఊపిరి బిగబట్టి చేయు పని అది. పెన్సిలు ఒక్కసారి ఎక్కువ తిరిగిందా, మనిషికి చెంపమీద సున్నము పూసినట్లు తెల్లమచ్చ వస్తుంది.

ఆ టచింగు నేర్పినప్పుడు ఆయన గురువు ఒక మాట చెప్పారట. మొటిమ తీయవచ్చును, పుట్టుమచ్చ తీయరాదు. మొటిమ వారము రోజులలో దానంతట అదే పోతుంది. అది ఆ మనిషిది కాదు, ఆ వారపుది. పుట్టుమచ్చ మనిషిది. మన పదవ తరగతి సర్టిఫికెట్టులో గుర్తులుగా వ్రాసేది పుట్టుమచ్చలనే గదా! పెద్దాయన ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ నియమము మార్చుకోలేదు. మా అబ్బాయికి మొదట నేర్పినదీ అదే.

ఈ విద్య మన తెలుగు ప్రాంతమునకు కొత్తది కాదు. ఫ్రాన్సులో డాగెర్ తన పద్ధతిని లోకమునకు తెలియజేసినది 1839లో. ఆ శతాబ్దము ముగియకముందే హైదరాబాద్ రాజ్యములో రాజా దీనదయాళ్ పేరు మారుమ్రోగింది. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేస్తూ కెమెరా పట్టారు. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, 1905లో మరణించారు. మేము ఆయన కథలో ఎక్కువగా తలపోసినది వేరొక సంగతి. పరదాచాటు స్త్రీలు పురుషుని ఎదుట కూర్చుండి ఫోటో తీయించుకోలేరని ఆయన 1892లో స్త్రీలకు వేరుగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఇంగ్లీషు స్త్రీ చేతికి అప్పగించారు. నూరేండ్లు దాటినా మన పల్లెలలో ఆడపిల్లలు స్టూడియో లోపలి గదిలోనికి ఒంటరిగా వెళ్ళుటకు జంకుతారు. మా పెద్దాయన తలుపు మూయరు, తల్లినో అక్కనో ప్రక్కన కూర్చోబెడతారు, భుజము సరిచేయవలసివస్తే తన చేయి వేయక "అమ్మా, మీరు కొంచెం సర్దండి" అని తల్లికి చెప్తారు. ఇది కెమెరా పుస్తకములలో ఉండని పాఠము. మన ఆడపిల్లలలో ఒకరిద్దరు ఈ పని నేర్చుకుంటే ఎంత బాగుండునని మాకు అనిపిస్తుంది.

దగ్గరి కాలములో బండి రాజన్ బాబుగారిని చెప్పుకోవాలి. 1939లో కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టి, హైదరాబాదులో స్థిరపడి, 2011లో కన్నుమూసే నాటికి ఎందరో శిష్యులను తయారుచేసిన గురువు ఆయన. పట్టణపు పిల్లలకు అట్లాంటి బడులున్నవి. పల్లె పిల్లవానికి మాత్రము నేటికీ స్టూడియో బల్లే బడి.

సముద్రపు ఒడ్డున వెలుతురు

మా అబ్బాయికి పెద్దాయన ఆరు నెలలు వెలుతురు తప్ప మరేమీ నేర్పలేదు. కెమెరా ఇచ్చారు గాని, మీటలన్నీ తరువాత అన్నారు. "పొద్దు ఎక్కడుందో చూడకుండా కెమెరా ఎత్తేవాడు గాలి చూడకుండా తెప్ప దించేవాడబ్బయ్యా" అని ఆయన అంటే, బెస్తవారి పిల్లవానికి వెంటనే తలకెక్కింది.

మన తీరమున సూర్యుడు సముద్రములోనుండి లేస్తాడు. మైపాడు గాని, కోడూరు గాని, తుమ్మలపెంట గాని, ఉదయము ఒడ్డున మనిషిని సముద్రము వెనుక పెట్టి నిలబెడితే వెలుతురంతా వీపుమీద పడి ముఖము నల్లగా వస్తుంది. సాయంకాలము వెలుతురు ఊరివైపునుండి వస్తుంది గనుక అదే చోట ముఖము తేటగా, వెనుక నీళ్ళు నీలముగా వస్తాయి. కేరళ తీరమున దీనికి సరిగా వ్యతిరేకము. ఇంత చిన్న సంగతి తెలియక మన బాప్తిస్మపు ఫోటోలన్నీ ఎట్లున్నవో మీ సంఘపు ఆల్బములో చూడండి: ఆకాశము తెల్లగా, నీళ్ళు తెల్లగా, నడుమ మూడు నల్లని నీడలు.

మొన్న మా సంఘము బాప్తిస్మములు సముద్రమందే ఉదయము ఏడు గంటలకు జరిగినవి. పెద్దాయన మాట ప్రకారము అబ్బాయి ప్యాంటు మడచి, మాకంటె లోతుకు పోయి, సూర్యునికి వీపు పెట్టి, ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. మా వెనుక సరుగుడు తోట, ఒడ్డున నిలబడిన తల్లులు, పిల్లలు. నీళ్ళలోనుండి పైకి లేచిన ముఖముల మీద నీటిబొట్లు కూడ లెక్కపెట్టవచ్చును. కెమెరాను ప్లాస్టికు సంచిలో పెట్టి, కటకము చుట్టూ రబ్బరు బ్యాండు బిగించి, కటకము మీద ఫిల్టరు అద్దము తొడిగాడు. ఉప్పునీటి తుంపర కటకముకంటె ఆ అద్దముమీద పడుటయే మేలు. ఇంటికి వచ్చిన తరువాత పొడిగుడ్డతో రుద్దకూడదు, ఇసుకరేణువు గీత పెడుతుంది. ముందు బూరతో ఊది, మంచినీటితో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవాలి. ఒకవేళ కెమెరా సముద్రములోనే పడితే బ్యాటరీ వెంటనే తీసి, "పనిచేస్తుందేమో" అని మీట నొక్కకుండ బాగుచేయువాని దగ్గరకు తీసుకొనిపోవాలి.

తెల్లబట్టల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. కెమెరాకు బుద్ధి లేదు. ఎదుట ఏమున్నా అది నడిమి బూడిదరంగే అనుకొని వెలుతురు కొలుస్తుంది. తెల్లని ఇసుక, తెల్లచీరలు, మెరిసే నీళ్ళు చూచి "వెలుతురు ఎక్కువైంది" అని భ్రమపడి బొమ్మను నల్లబరుస్తుంది. అప్పుడు మనము చేతితో ఒక మెట్టు వెలుతురు పెంచాలి. ఫోనులోనైతే ముఖముమీద వేలు పెట్టి నొక్కి, ప్రక్కనే కనబడే సూర్యుని గుర్తును కొంచెము పైకి జరిపితే చాలు. ఇది ఏ ఖర్చూ లేని పాఠము, నేటి సాయంకాలమే చేసి చూడండి.

పందిళ్ళ క్రింద మరొక చిక్కు. ఫ్లాషును నేరుగా ముఖముమీద కొడితే చెమట జిడ్డు మెరిసి ముఖము పళ్ళెమువలె చదునవుతుంది గనుక, దానిని పైకి తిప్పి కప్పుమీద పడనిచ్చి దిగివచ్చే మెత్తని వెలుతురులో తీస్తారు. కప్పు తెల్లనిదైతే సరే. ఎర్ర షామియానా అయితే పెండ్లికుమారుడు మొదలు వంటవాని వరకు అందరూ జ్వరము తగిలినవారివలె వస్తారు. మా మందిరపు గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించిన కమిటీ పెద్దలు ఈ సంగతి ముందుగా ఎరిగియుండరు. మా దగ్గర జరిగిన పెళ్ళిళ్ళ ఫోటోలలో పాస్టరు ముఖముతో సహా అందరిదీ ఒకే పచ్చదనము.

పెద్ద కటకములు కొన్న పట్టణపు యువకులు చలికాలములో పులికాట్ సరస్సుకు, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టుకు పక్షుల కొరకు వస్తుంటారు. మా అబ్బాయికీ ఆ ఆశ పుట్టింది. దూరమునుండి తీయగలిగితే తీయి, గూడబాతు గూటిమీదనుండి లేచిందంటే నీవు దగ్గరకు పోయినట్లే, ఆ ఫోటో నాకు చూపించకు అన్నారు పెద్దాయన.

తెల్లగా చేయండి అనే మాట

ఇక దిద్దుబాటు సంగతి. ఫోటోషాప్ అనే కార్యక్రమము 1990లో వచ్చింది. అమెరికాలో థామస్ నాల్, జాన్ నాల్ అనే అన్నదమ్ముల పని అది. పొరలు పొరలుగా దిద్దే ఏర్పాటు 1994లో, మచ్చను మాన్పే కుంచె 2002లో చేరినవి. అయితే పెద్దాయనకు దానిలో కొత్తగా కనిపించినది తక్కువట. ప్రింటు వేసేటప్పుడు ముఖముమీద వెలుతురు ఎక్కువ పడకుండ అరచేయి అడ్డుపెట్టేవారు, ఆకాశము మరీ తెల్లబడితే అక్కడ మాత్రము మరికొంత వెలుతురు పడనిచ్చేవారు. డాడ్జింగు, బర్నింగు అని ఆ పనుల పేర్లు. నేడు ఫోటోషాపులో అవే పేర్లతో రెండు పనిముట్లున్నవి, వాటిలో ఒకదానికి గుర్తు ఇప్పటికీ మనిషి చేయి బొమ్మే. "నా చెయ్యి అమెరికావాళ్ళు తీసుకుపోయి కంప్యూటర్లో పెట్టారయ్యా" అని నవ్వుతారు.

ఆయన నేర్పే వరుస ఇది. ముందు అసలు ఫోటోను ముట్టుకోకుండ దాని ప్రతి తీసుకోవాలి. సముద్రపు గీత వంకరగా ఉంటే తిన్నగా చేయాలి, లేకపోతే నీళ్ళు ఒలికిపోతున్నట్లుంటుంది. అనవసరమైన అంచులు కోయాలి. వెలుతురు, ఆ తరువాత రంగు. రంగు చూచుటకు బొమ్మలో తెల్లగా ఉండవలసినదేదో వెదకాలి: చొక్కా కాలరు, కాగితము, కంటి తెలుపు. అది పచ్చగానో నారింజగానో ఉంటే తప్పు దీపానిది, దానిని దిద్దాలి. పిమ్మట మచ్చలు. మొటిమలు, నలుసులు, గోడమీది మేకు. అంచుల వాడి పెంచుట అన్నిటికంటె చివర, ప్రింటు కొలత నిర్ణయించుకొన్న తరువాత మాత్రమే. పాస్‌పోర్టు ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. అంగుళమునకు 300 చుక్కల లెక్కన 413కు 531 చుక్కలు సరిపోతాయి. పెళ్ళి ఆల్బములో రెండు పుటలు తెరిస్తే 12కు 36 అంగుళములు, అనగా 3,600కు 10,800 చుక్కలు. వాట్సాపులో వచ్చిన బొమ్మను అంత పెద్దగా వేయమని అడుగువారు ఈ లెక్క చూచుకోవాలి. డబ్బిచ్చి కొనలేనివారు జింప్ అనే ఉచిత కార్యక్రమముతోనైనా, ఫోనులో స్నాప్‌సీడ్‌తోనైనా ఈ పనులన్నీ నేర్చుకోవచ్చును.

ఇంతవరకు ఎవరికీ తగవు లేదు. తగవు వచ్చేది ఒక్క మాట దగ్గర: "కొంచెం తెల్లగా చేయండి."

మా సంఘములో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఉన్నది. చామనచాయకంటె ఒక మెట్టు తక్కువ. పెళ్ళి సంబంధములకు పంపుటకు తల్లిదండ్రులు ఒక పట్టణపు స్టూడియోలో ఫోటో తీయించారు. అక్కడివారు అడగకుండానే దానిని పాలమీగడవలె చేసి ఇచ్చారు. ఫోటో చూచి ఒంగోలువైపునుండి అబ్బాయి తరపువారు తొమ్మిది మంది వచ్చారు. పిల్ల కాఫీ పళ్ళెముతో బయటకు రాగానే వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. వెళ్ళుతూ గుమ్మము దగ్గర పెద్దామె అన్న మాట ఇక్కడ వ్రాయము. ఆ పిల్ల మూడు నెలలు కూటమునకు రాలేదు. మేము వెళ్ళి పలకరిస్తే, "నన్ను చూసి కాదండీ వాళ్ళు వచ్చింది, ఆ ఫోటోలో ఉన్నామెను చూసి వచ్చారు" అన్నది. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞమీద మేము ఎన్నో ప్రసంగములు చేశాము గాని, అది ఫోటోకు కూడ వర్తించునని ఆ పిల్ల నోట వినవలసివచ్చింది.

రెండవమారు ఆమెను పెద్దాయన దగ్గరకు తీసుకొనిపోయాము. తల్లి అక్కడా అదే మాట అన్నది, తెల్లగా చేయమని. ఆయన ఏమీ అనక, సాయంకాలము నాలుగున్నరకు స్టూడియో వెనుక వరండాలో, ఉత్తరపు కిటికీ ప్రక్కన అమ్మాయిని కూర్చోబెట్టారు. ముఖముమీది పౌడరు తడిగుడ్డతో తుడిపించారు. నల్లని చర్మముమీద పౌడరు తెలుపు తేదు, బూడిద తెస్తుందట. ఎదురుగా ఒక తెల్ల దుప్పటి కట్టి కిటికీ వెలుతురు దానిమీద పడి ముఖముమీదికి తిరిగేటట్లు చేశారు. నల్లని చర్మమునకు కావలసినది ఎక్కువ వెలుతురు కాదు, వెడల్పైన వెలుతురు అని అబ్బాయికి అక్కడే చెప్పారు. చెంప ఎముకమీద, ముక్కుదూలముమీద ఆ వెలుతురు మెత్తగా మెరిసినప్పుడు ముఖము దానంతట అదే తేటపడుతుంది. కంప్యూటరులో ఆయన ముట్టుకున్నది మూడే: నుదుటిమీది రెండు మొటిమలు, చెదరిన ఒక వెంట్రుక. పై పెదవి మీది పుట్టుమచ్చ అట్లే ఉన్నది.

తల్లి చాలాసేపు చూచింది. "నల్లగానే ఉంది గాని మా పిల్లే" అన్నది.

ఆ ఫోటోవల్ల పెళ్ళి కుదిరిందని మేము చెప్పము. అది వేరొక విధముగా, తెలిసినవారి ద్వారా కుదిరింది. ఆమె ఇప్పుడు బడిలో పాఠములు చెప్పుచున్నది, ఆ ఫోటో పుట్టింటి గోడమీద ఉన్నది.

ఈ తెలుపు పిచ్చి మనవారిదే అనుకోకూడదు. రంగు ఫిల్ములు వచ్చిన తొలి దశాబ్దములలో కొడాక్ కంపెనీ ప్రింటు రంగులు సరిచూచుకొనుటకు ఒక తెల్లజాతి స్త్రీ ఫోటోను నమూనాగా లాబొరేటరీలకు పంపేది. షర్లీ కార్డు అని దానికి పేరు. ఆమె ముఖము సరిగా వస్తే యంత్రము సరిగా ఉన్నట్లు. నల్లనివారి ముఖములు బురదవలె వచ్చినవంటే అందులో ఆ కొలత పాలు కూడ ఉన్నది. నేటి ఫోనులలో కొన్ని, అందముపేర, మనల నడగకుండానే ముఖమును తెల్లబరచి నున్నగా చేస్తున్నవి. ఆ ఏర్పాటును ఆపివేయు మీట సెట్టింగులలో ఉంటుంది. గల్ఫుకు పోవువారు మరీ జాగ్రత్త పడాలి. పాస్‌పోర్టు ఫోటోలో చర్మపు సహజ రంగు కనబడవలెనని అంతర్జాతీయ నియమము.

అబ్బాయికి మాత్రము ఇది అంత సులువుగా మింగుడుపడలేదు. "మీరు చెయ్యనంటే పక్క స్టూడియోకి పోతారు గురువుగారూ" అన్నాడు ఒకసారి. పోతారు, పోతున్నారు కూడ. తెల్లగా చేయని స్టూడియో అని ఆయనకు బజారులో పేరు పడింది. ఆనాడే అబ్బాయి మరొక ప్రశ్న వేశాడు. పాత స్టూడియోలలో కోటు, టై, చేతిగడియారము, వెనుక తాజ్‌మహలు తెర ఉండేవి గదా, అవి అబద్ధము కావా అని. పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. టీ త్రాగి, గ్లాసు కడిగి వచ్చి, "ఆ కోటు చూసి ఎవరూ మోసపోలేదబ్బయ్యా. అందరికీ తెలుసు అది స్టూడియో కోటని. ఒక్కరోజు దొరలాగా కూర్చోవాలని ముచ్చట" అన్నారు. మాకు ఆ జవాబు పూర్తిగా తృప్తినివ్వలేదు. మా నాయనమ్మ ఇంట అట్లాంటి కోటు ఫోటో ఒకటి ఉన్నది, ఆ కోటు నిజమేనని మా చిన్నతనమంతా నమ్మాము. అయినా ముచ్చటకు తొడుక్కొన్న కోటుకు, అడగకుండ మార్చిన ముఖమునకు తేడా ఉన్నదని ఒప్పుకుంటాము.

వేటకు పోయి తిరిగిరాని ఒక యువకుని తల్లి ఈ స్టూడియోకు వచ్చిన దినము మేమక్కడే ఉన్నాము. ఆమె దగ్గర ఉన్నది ఒక కుటుంబపు గ్రూపు ఫోటో, అందులో వాని తల బియ్యపుగింజంత. బంధువుల పిల్లవాడు ఒకడు దానిని అప్పటికే ఫోనులోని కృత్రిమ మేధ యాపుతో పెద్దదిగా, స్పష్టముగా చేయించి తెచ్చాడు. చూచుటకు బ్రహ్మాండముగా ఉన్నది. కనురెప్పల వెంట్రుకలు కూడ కనబడుతున్నవి. ఆమె చూచి, "ఈయనెవరో, నా కొడుకు కాదు" అన్నది. బొమ్మలో లేని కంటిని యంత్రము ఎక్కడినుండి తెస్తుంది? లక్షల ముఖములు చూచి నేర్చుకొన్న మరెవరి కన్నో గీసి పెడుతుంది. పెద్దాయన పాత గ్రూపు ఫోటోనే తీసుకొని, స్కానరుమీద పెట్టి, గీతలు మాత్రము తీసి, పోస్టుకార్డుకు మించని కొలతలో ప్రింటు వేశారు. మసకగానే ఉన్నది. ఆమె దానిని కొంగులో చుట్టుకొని వెళ్ళింది. ఆయన డబ్బు తీసుకోలేదు.

తడిసిన ఫోటోలు

మన తీరము ఎన్ని నీళ్ళు చూచిందో మీకు తెలుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన తుఫాను, 2004 డిసెంబరు 26 ఆదివారము ఉదయపు సునామీ, 2021 నవంబరులో పెన్నా వరద. ప్రతిసారీ బియ్యము, బట్టలు, పత్రముల తరువాత జనులు వెదకినది ఫోటోలనే. తడిసిన ఫోటోలను ఏమి చేయాలో పెద్దాయన చెప్పినది వ్రాస్తున్నాము, కత్తిరించి దాచుకోండి.

ఫోటో కాగితముమీద బొమ్మ ఉండేది జిలాటిను పొరలో. తడిస్తే అది ఉబ్బి జిగురవుతుంది. అట్లే ఆరితే ప్రక్క ఫోటోకు అతుక్కొని రాదు. కాబట్టి ఆరకముందే విడదీయాలి. బొమ్మ పైభాగమును వ్రేలితో ముట్టుకోకుండ అంచులు పట్టుకొని, చల్లని మంచినీటి గిన్నెలో ముంచి బురద, ఉప్పు పోనిచ్చి, బొమ్మ పైకుండేటట్లు శుభ్రమైన గుడ్డమీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో కాదు, ఫ్యాను క్రింద ఎగిరేటట్లు కాదు. ఒకేసారి అన్నీ చేయలేకపోతే ప్లాస్టికు సంచిలో వేసి ఎవరింటనైనా ఫ్రిజ్‌లోని ఐసు అరలో పెట్టవచ్చును, తరువాత తీరికగా చూడవచ్చును. ఫ్రేము అద్దమునకు అతుక్కొన్న ఫోటోను మాత్రము లాగవద్దు. అద్దముతోసహా స్టూడియోకు తెస్తే పైనుండే స్కాను చేస్తారు.

బ్రతుకుదెరువు సంగతి క్లుప్తముగా చెప్తాము, ఎందుకంటే తల్లిదండ్రులు ముందుగా అడిగేది అదే. 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలైనప్పుడు స్టూడియోలకు చేతినిండ పని. 2010 తరువాత ఆధార్ కేంద్రములో కంప్యూటరు కెమెరాయే ఫోటో తీయసాగింది. ఊటీలో ఇందు ఫిల్ము తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. ఇప్పుడు మిగిలినవి పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, వీడియో, పాత ఫోటోల బాగుచేత. అప్పు చేసి పెద్ద కెమెరా కొని, తరువాత పని నేర్చుకుందామనుకొనువారికి పెద్దాయన చెప్పేది ఒక్కటే: ముందు ఆరు పెళ్ళిళ్ళకు ఎవరి వెనుకనైనా ఫ్లాషు పట్టుకొని నిలబడు. సర్టిఫికెట్టు కావలసినవారికి ఐ.టి.ఐ. విధానములో డిజిటల్ ఫోటోగ్రాఫర్ అనే కోర్సు ఉన్నది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలలో ఫోటో, వీడియో పని ఉచితముగా నేర్పుతారు. దరఖాస్తుకు ముందు మీకు దగ్గరి కేంద్రములో ఆ బ్యాచి ఉన్నదో లేదో అడిగి తెలుసుకోండి.

పెద్దాయన నేర్పినవాటిలో అన్నిటికంటె చౌకైనది పెన్సిలు పని. టచింగు కాదు, ఫోటో వెనుక పేరు వ్రాయుట. బాల్‌పెన్ను ముందువైపుకు అచ్చు దిగుతుంది, సిరా ఊరుతుంది. మెత్తని పెన్సిలుతో, నొక్కకుండ, అంచున: ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరము. కంప్యూటరులోనైతే ఫైలు పేరులోనే వ్రాయాలి.

ఈ మాట విన్న తరువాత మేము మా మందిరపు వెస్ట్రీ గోడమీది 1962 నాటి గ్రూపు ఫోటోను దించి వెనుకకు త్రిప్పి చూచాము. కుర్చీలలో కూర్చున్న ఇద్దరు మిషనరీల పేర్లు ఇంగ్లీషులో చక్కగా వ్రాసి ఉన్నవి. వారి చుట్టూ నిలబడిన, నేలమీద కూర్చున్న మనవారు పదునాలుగు మంది. ఒక్క పేరూ లేదు. అబ్బాయి దానిని స్కాను చేసి, ముఖములను ఒక్కొక్కటిగా పెద్దవి చేసి ప్రింట్లు తీసి, నాలుగు ఆదివారములు కూటము తరువాత వృద్ధుల దగ్గర కూర్చున్నాడు. తొంబదికి దగ్గరపడిన ఒక అవ్వ తన పెనిమిటిని చెవి చూచి గుర్తుపట్టింది. ఇప్పటికి తొమ్మిది పేర్లు దొరికినవి. మిగిలినది అయిదుగురు. వారిలో వెనుక వరుసలో ఎడమనుండి మూడవదిగా ఒక స్త్రీ, చంకలో బిడ్డ, గడ్డముమీద పెద్ద పుట్టుమచ్చ. ఆ కాలములో మన తీరపు పల్లెలలో ఉండినవారి పిల్లలు గాని మనుమలు గాని ఈ గుర్తు ఎరిగియుంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క వ్రాయండి.